మలహరి చెవులు

పెంపుడు కుక్కను విమానంలో పరాయి దేశం తీసుకెళ్ళడం నరకమట! ఈమధ్య ఎక్కడ విన్నా ఇదే గోల. ఆ సూదులేమిటి, ఆ సర్టిఫికెట్లేమిటి, ఆ పెట్టె కొలతలేమిటి అంటూ ఫేస్‌బుక్ నిండా శోకాలు. చదువుతుంటే నాకు ఒళ్ళు మండిపోతోంది.

అయ్యా, అమ్మా, అది నరకం కాదు, వరం. మనుషులు ఇన్నాళ్ళలో రాసిపెట్టిన రూల్సన్నిటిలోకీ దయ, జాలి, ముందుచూపు ఉన్నవి అవొక్కటే. వాటిలోంచి ఒక్క కామా కూడా తీసెయ్యడానికి వీల్లేదు. కావాలంటే ఇంకో నాలుగు కలపండి.

నమ్మరా? అయితే నరేష్ సంగతి వినండి. నాకీ జ్ఞానోదయం అతనివల్లే అయింది.

నరేష్‌ది రాజాం దగ్గర పల్లెటూరు. ఇంటిల్లిపాదీ వరి, గోగు పండించుకునే రైతులు. ఇతనికి మాత్రం చిన్నప్పటినుంచీ మట్టికన్నా ఇనుమంటే ఇష్టం. బొబ్బిలిలో వెల్డింగ్ షాపులో చేరి, గేట్లూ గ్రిల్లులూ చేస్తూ మంచి పనివాడనిపించుకున్నాడు. అంతలో గల్ఫ్‌లో ఉద్యోగం వచ్చింది. అంటే, వచ్చిందని ఏజెంటు గంగరాజు చెప్పాడు. ఏ కంపెనీ, ఏ పని, ఎక్కడ మకాం లాంటి చిల్లర విషయాలు మటుకు చెప్పలేదు. పెద్ద పనులు చేసేవాళ్ళు చిన్న విషయాలు పట్టించుకుంటారా?

పట్టించుకున్న మనిషి ఒక్కతే, నరేష్ భార్య ధనలక్ష్మి.

"మిగతావేటీ అడగను బావా. అక్కడ నువ్వెక్కడ తొంగుంటావో ఆ ఒక్కటీ సెప్పు. అది తెలీకుండా నేను బ్యాగు సర్దను" అంది.

ఊరికే అనలేదు. ఆమె మేనమామ ఇలాగే గల్ఫ్ వెళ్ళాడు. కొన్నాళ్ళకు ఫోన్ ఆగిపోయింది. ఏ ఊళ్ళో, ఏ గదిలో ఉన్నాడో ఒక్కరికీ తెలియదు. అతన్ని వెతికించడానికి ఇంట్లోవాళ్ళు కనపడినవాళ్ళందరి కాళ్ళూ పట్టుకున్నారు. అందుకని ధనలక్ష్మి బ్యాగు అటక మీదే ఉంచింది.

నరేష్ వెళ్ళి గంగరాజును అడిగాడు.

"ఎక్కడ తొంగోవాలో కూడా నన్నే అడుగుతావేటిరా? ముందు ఇమానం ఎక్కు. దిగినాక నిద్దర అదే వస్తాది" అన్నాడు గంగరాజు.

సరిగ్గా ఈ సమయంలో మన కథలోకి మలహరి వచ్చింది. వచ్చింది నాలుగు కాళ్ళ మీద.

బొబ్బిలిలో జగదీశ్వరి గారని వీణ టీచరు ఉన్నారు. సంగీతం ఆ ఇంట్లో తరాలుగా ఉంది. ఓ వర్షాకాలం వీధి కుక్కపిల్ల ఒకటి వాళ్ళ గుమ్మంలోకి వచ్చి పడుకుంది. పిల్లలు ఏ పాఠం వాయించినా కదలదు. మలహరి రాగంలో గీతం అందుకోగానే మాత్రం చెవులు నిక్కబొడుచుకుని, మూతి పైకెత్తి గొంతు కలుపుతుంది. అందుకే ఆ పేరు పెట్టారు. ఇప్పుడు ఆవిడ భర్త మోహనకృష్ణ గారికి గల్ఫ్ బదిలీ అయింది. మలహరి లేనిదే విమానం మెట్టు ఎక్కేది లేదని జగదీశ్వరి గారు తెగేసి చెప్పారు.

కుక్క విమానం ఎక్కాలంటే పెట్టె కావాలి. మామూలు మనుషులైతే ప్లాస్టిక్ పెట్టె కొనుక్కుంటారు. కానీ ఇది బొబ్బిలి! తంబూరాకీ వీణకీ పెట్టెలు చేయించిన ఇంట్లో కుక్కకు ప్లాస్టిక్కా? గొల్లపల్లి నుంచి వీణలు చేసే సూరయ్యను పిలిపించారు.

సూరయ్య వీణను ఒకే పనస దుంగలోంచి తొలుస్తాడు. పెట్టెకూ అలాంటి దుంగే, కాకపోతే బాగా లావుది తెచ్చాడు. పలకలు కొట్టి బిగిస్తే సరిపోదా అని మోహనకృష్ణ గారు అన్నారు.

"అతుకేస్తే నాదం సచ్చిపోద్ది బాబూ. మా ఇంట అతుకు పని లేదు" అన్నాడు సూరయ్య.

కుక్క పెట్టెకు నాదమెందుకని ఎవరూ అడగలేదు. ఆ ఊళ్ళో అలాంటి ప్రశ్న వేస్తే పరువు పోతుంది. సూరయ్య దుంగ తొలిచాడు, అంచున లతలు చెక్కాడు, పైన వీణకు పెట్టినట్టే సింహం మొహంలాంటి యాళి తల పెట్టాడు. మలహరిని అందులోకి పంపి, పిల్లల చేత గీతం మొదలుపెట్టించారు. అది గొంతెత్తేసరికి పెట్టె మొత్తం గుయ్యిమని మోగింది, వీధి చివరి కొట్టువాడు బయటికొచ్చి చూశాడు. సూరయ్య కళ్ళు తుడుచుకున్నాడు.

ఆ పెట్టెకు కమ్మీల తలుపు బిగించడానికి వచ్చినవాడే నరేష్. మాటల్లో తెలిసింది, మలహరీ నరేషూ వెళ్ళేది గల్ఫ్‌లో ఒకే ఊరికి, ఒకే రోజు, ఒకే విమానంలో.

"అయితే మా మలహరికి నువ్వు తోడు బాబూ. పెట్టె మొయ్యడానికి కాస్త సాయపడుదువు గాని" అన్నారు జగదీశ్వరి గారు.

అప్పటినుంచి మలహరి ఎక్కడికెళ్తే నరేష్ అక్కడ. ఆ విధంగా అతను ఆ రూల్సన్నీ కళ్ళారా చూశాడు. అదృష్టవంతుడు!

మొదట చిప్పు. బియ్యపు గింజంత ఉంటుంది, మెడ చర్మం కింద పెడతారు. కుక్క ఏ దేశంలో తప్పిపోయినా సరే, అది ఎవరిదో, ఎవరికి ఫోన్ చెయ్యాలో మిషను పెడితే చెప్పేస్తుంది. నరేష్ ఆ సాయంత్రం గంగరాజు దగ్గరికెళ్ళాడు.

"మావా, అక్కడ నాకేటైనా అయితే ఎవరికి ఫోన్ సేస్తారు?"

"ఎల్లేముందు అలాటి అపశకునం మాటలు మాట్లాడకురా" అన్నాడు గంగరాజు.

తర్వాత రక్తపరీక్ష. మలహరి రక్తం మలహరికన్నా ముందు విమానమెక్కి విదేశీ లేబొరేటరీకి వెళ్ళొచ్చింది. ఆ తర్వాత డాక్టరు పళ్ళు చూశాడు, గుండె విన్నాడు, ప్రయాణానికి బెంగపడుతోందా అని అడిగాడు. బెంగ! నరేష్‌ను ఆ మాట ఇంతవరకు ఎవరూ అడగలేదు. అతను మాత్రం లోపల్లోపల బాగానే పడుతున్నాడు.

ఆపైన ఎండ. నేల మీద వేడి ఎక్కువగా ఉన్న వేళ కుక్కను విమానం ఎక్కించరు, దింపరు. దాని ఒంటికి మంచిది కాదు. అందుకని చల్లని వేళ దిగే విమానమే వెతికి, నరేష్‌దాంతో సహా టికెట్లు మార్పించారు. ఏమి దూరదృష్టి! నరేష్ వెళ్తున్నది ఆ ఎండలోనే నిలబడి ఇనుము కరిగించడానికి. దానికి మాత్రం వేళాపాళా చూసే రూలేదీ గంగరాజుకు తెలియదు.

చివరికి ఆ దేశపు పర్మిట్ వచ్చింది. ఈ కుక్క, ఈ రంగుది, ఫలానా వీధిలో ఫలానా నంబరు ఇంట్లో ఉంటుంది కాబట్టి రానివ్వండి అని ఆ ప్రభుత్వమే ముద్ర వేసి రాసింది. ఇల్లు లేని కుక్కను అడుగు పెట్టనివ్వరట. నరేష్ ఆ కాగితం చేతిలో పట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత ఫోన్‌లో ఫొటో తీసుకుని మళ్ళీ గంగరాజు దగ్గరికెళ్ళాడు.

"కుక్కకి అడ్రస్సున్నాది మావా. నాదేది?"

"అక్కడ దిగీసరికి ఒకాయన బోర్డట్టుకుని నిలబడతాడు. ఆయనే నీ అడ్రస్సు" అన్నాడు గంగరాజు.

ఇక మిగిలింది పెట్టె తనిఖీ. జంతువుల్ని విదేశాలకు పంపే ఆఫీసు నుంచి సుహాసిని అనే అమ్మాయి టేపు పట్టుకుని వచ్చింది. కుక్క పెట్టెలో లేచి నిలబడగలగాలి, చుట్టూ తిరగగలగాలి, కాళ్ళు చాపుకుని పడుకోగలగాలి. నిలబడితే చెవి కొనలు కప్పుకు తగలకూడదు. మలహరి నిలబడింది. వీధిలో పిల్లలెవరో గీతం కూనిరాగం తీశారు కాబోలు, చెవులు నిక్కబొడుచుకుంది. రెండు కొనలూ పనస కప్పుకు తగిలాయి.

"కుదరదండీ" అంది సుహాసిని.

సూరయ్య ముఖం పాలిపోయింది. జగదీశ్వరి గారు కుర్చీలో కూలబడ్డారు. నరేష్ ఉండబట్టలేకపోయాడు.

"సెవులు మడుచుకుంటే తగల్దు కదండీ."

"అంతసేపు చెవులు మడుచుకుని ఎందుకుండాలండీ? దానికి మాత్రం ప్రాణం కాదా?" అంది సుహాసిని.

పైన ఇంకో చెక్క వేసి ఎత్తు పెంచమంటే, అతుకు వెయ్యనని సూరయ్య భీష్మించాడు. దాంతో యాళి తల పెట్టె బియ్యం బస్తాలు పెట్టుకోవడానికి ఇంట్లోనే ఉండిపోయింది. మలహరికి హైదరాబాదు నుంచి ప్లాస్టిక్ పెట్టె వచ్చింది. చెవులు ఆడించుకుంటూ తిరగడానికి సరిపడా జాగా ఉంది.

ఆ పూట నరేష్ ఇంటికెళ్ళి ఈ చెవుల భాగవతమంతా ధనలక్ష్మికి చెప్పాడు. ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి, కొంగుతో కళ్ళు తుడుచుకుని, అసలు సంగతికి వచ్చింది.

"మరి నువ్వు తొంగునే సోటు తెలిసిందా బావా?"

నరేష్ ఫోన్ తీసి మలహరి పర్మిట్ ఫొటో చూపించాడు. అడ్రస్సున్న వరుస మాత్రం పెద్దది చేసి చూపించాడు.

"ఇదే. ఇల్లు నంబరుతో సహా ఉన్నాది సూడు."

ధనలక్ష్మి వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివింది. వీధి పేరుంది, ఇంటి నంబరుంది, ప్రభుత్వం ముద్రుంది. ఆమె అటక మీది బ్యాగు దింపించింది. నరేష్ ఫోన్ జేబులో పెట్టేసుకుని బట్టలు అందివ్వసాగాడు.

ప్రయాణానికి ముందు జగదీశ్వరి గారు మలహరి కాగితాలు తీసుకెళ్ళి రామతీర్థంలో రాముడి పాదాల దగ్గర పెట్టించారు. హైదరాబాదు దాకా ఏసీ కారులో వెళ్ళారు. మలహరి మధ్య సీటులో, నరేష్ వెనక సామాన్ల పక్కన. విమానాశ్రయంలో ఆఫీసర్లు మలహరి గిన్నెలో నీళ్ళున్నాయో లేదో వంగి చూశారు.

అక్కడ దిగాక కూడా దానికి లోటు జరగలేదు. డాక్టరు వచ్చి చూశాడు. మిషను పెట్టి చిప్పు చదివి, ఇది ఫలానా మలహరేనని నిర్ధారించుకుని, యజమాని చేతిలో పెట్టి సంతకం తీసుకున్నాడు. నరేష్ పెట్టెను కారెక్కించాడు. కమ్మీల సందుల్లోంచి మలహరి అతని చెయ్యి నాకింది. కారు ఆ అడ్రస్సు దారి పట్టింది.

ఆపైన నరేష్ బోర్డు పట్టుకున్న మనిషిని వెతుక్కున్నాడు. ఆయన నరేష్ పాస్‌పోర్టు తీసుకుని సంచీలో పడేశాడు. అందులో అప్పటికే బోలెడు పాస్‌పోర్టులున్నాయి. సంతకం మాత్రం ఎవరి దగ్గరా తీసుకోలేదు.

ఇప్పుడు చెప్పండి, కుక్కల రూల్సు వరమా కాదా? అధికారులకు నాదొక చిన్న మనవి. వాటిని దయచేసి సడలించకండి. గల్ఫ్ వెళ్ళే మా జిల్లాలవాళ్ళ ఫారంలో "మనిషి" అని ఉన్నచోట కొట్టేసి "కుక్క, నాటు జాతి" అని రాసుకోనివ్వండి. అబద్ధం ఆడారన్న నేరానికి ఏ శిక్ష వేసినా మావాళ్ళు సంతోషంగా అనుభవిస్తారు. చెవుల కొలత తీసుకోవడానికి సుహాసినిని పంపితే చాలు.

నరేష్ దిగిన మర్నాడు ధనలక్ష్మి ఫోన్ చేసింది. గదిలో ఒకదాని మీద ఒకటి మూడు మంచాలు, అలాంటి వరుసలు గోడ నుంచి గోడకు. నరేష్‌ది అన్నిటికన్నా పైది. బోర్లా పడుకుని ఫోన్ ఎత్తాడు.

"ఆ అడ్రస్సులోనే ఉన్నావా బావా?"

"ఉన్నాను."

"ఇల్లు బాగున్నాదా?"

"బాగున్నాది."

"లేచి కూకోడానికి జాగా ఉన్నాదేటి?"

నరేష్ తల ఎత్తబోయాడు. కప్పు తగిలింది. అప్పటికి రెండు అబద్ధాలు ఆడేశాడు గానీ మూడోది పూర్తిగా నోటికి రాలేదు.

"ఉన్నాదే" అన్నాడు. "సెవులు మడుచుకుంటే తగల్దు."

ఈసారి ధనలక్ష్మి నవ్వలేదు.