పొగమంచు ప్రారంభోత్సవం

కోళ్ళకు చల్లదనం ప్రసాదించే యంత్రాన్ని కోళ్ళ అభివృద్ధి సంఘం అధ్యక్షులవారు స్వహస్తాలతో ప్రారంభించిన శుభసందర్భంగా, మా కోళ్ళ పిన్ని షెడ్డు మొత్తం ఖాళీ అయిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం.

ఆ రోజు మబ్బు పట్టి ఉక్కపోసింది. ఆకు కదల్లేదు. పొద్దున ఆరేసిన చొక్కా మధ్యాహ్నానికి ఇంకాస్త తడిసింది. కోడికి చెమట పట్టదు. నోరు తెరిచి రొప్పి ఒళ్ళు చల్లబరుచుకుంటుంది. గాలి ఆడితేనే ఆ రొప్పుకు ఫలితం. ఇది మా ఊళ్ళో కోడి ఈక చూసిన ప్రతివాడికీ తెలుసు. అందుకే పరదాలు పైకి చుట్టి, ఫ్యాన్లు పెట్టి, ఎండపూట షెడ్డు దగ్గర దగ్గడానికి కూడా జంకుతాం. బెదిరితే అన్నీ ఒక మూలకు పోగుపడి, ఒకదాని కింద ఒకటి నలిగిపోతాయి.

పిన్ని ఆ బ్యాచ్ కోసం నెలన్నరగా చుట్టాలింటి గడప తొక్కలేదు. కోళ్ళు తూకానికొచ్చాయి. మర్నాడు లారీ వస్తుంది.

ముహూర్తం మిట్టమధ్యాహ్నానికి కుదిరింది. పొద్దున అధ్యక్షులవారికి వేరే పనులున్నాయి, ముఖ్యంగా నిద్ర. వేదిక షెడ్డులోనే వేశారు, లబ్ధిదారుల సమక్షంలో ఉంటుందని.

మీట నొక్కగానే పైపుల్లోంచి సన్నటి తుంపర లేచింది. ఫొటోగ్రాఫరు పెదవి విరిచాడు.

"పొగ నిలవట్లేదు సార్. ఫ్యాన్ల గాలికి కొట్టుకుపోతోంది."

దోషం గాలిదేనని తేలింది కాబట్టి ఫ్యాన్లు ఆపేశారు. పరదాలు దించేశారు. పొగమంచు దివ్యంగా కమ్ముకుంది. ముందు వరసలో పెద్దలు దేవతల్లా కనిపించారు.

పిన్ని మొగుణ్ణి మోచేత్తో పొడిచింది. "పరదాలెత్తమనవయ్యా. చచ్చిపోతాయి."

"నువ్వూరుకోవే. అంత పెద్దమనిషి మన గడపకొచ్చాడు. కాసేపట్లో పోతాడులే."

"ఆయన పోయేలోపు ఇవి పోతాయి."

పిన్ని ముందు వరసలో కూర్చున్న పశువుల డాక్టరుగారి వంక చూసింది. ఆయన పరదాల వంక చూశారు, కోళ్ళ వంక చూశారు, తన బదిలీ ఎవరి చేతిలో ఉందో ఆ చేతి వంక చూసి ఆగిపోయారు.

ఈలోగా కోళ్ళన్నీ రెక్కలు ఎడంగా పెట్టి నోళ్ళు తెరిచాయి. అధ్యక్షులవారి సూక్ష్మదృష్టి దాన్ని వెంటనే పట్టేసింది.

"చూడండి. ఈ మూగజీవాలు రెక్కలు చాచి ఆహ్వానిస్తున్నాయి. నోరారా కృతజ్ఞత చెబుతున్నాయి. వీటికున్న విశ్వాసం కొందరు మనుషులకు లేదు. వాళ్ళెవరో నేను చెప్పను, వాళ్ళకే తెలుసు."

నోళ్ళు తెరుచుకుని మేమూ రొప్పుతున్నాం. అదీ కృతజ్ఞత కిందే జమ అయింది.

చివరికి వందన సమర్పణకు పిన్నిని పిలిచి మైకు ఇచ్చారు.

"అయ్యా, దండాలు. ముందు ఆ పరదాలు..."

దండాలు అన్న మాట దగ్గరే చప్పట్లు మొదలయ్యాయి. రేకుల షెడ్డు కదా, ఉరుముల్లా మారుమోగాయి. మిగతా మాట మైకుకు కూడా వినపడలేదు. కోళ్ళు బెదిరి మూలకు పరిగెత్తి, గుట్టగా పడ్డాయి. ఆ ఉత్సాహానికి ముచ్చటపడిన అధ్యక్షులవారు ఇంకాసేపు కొట్టమని చేత్తో సైగ చేశారు. కొట్టాం.

గుట్టలో నలిగినవి నలగ్గా, మిగిలినవి ఉక్కకు పోయాయి. సాయంత్రం లారీని రావద్దని చెప్పి, గొయ్యి తవ్వే మనిషిని పిలిచారు.

పిన్ని గోతి గట్టున కూర్చుని ఒకటే అడిగింది. "ఆ చప్పట్లు ముందు మొదలెట్టింది ఎవర్రా?"

ఇల్లిల్లూ తిరిగి వాకబు చేశాం. మా ఊళ్ళో ముందు కొట్టినవాడు ఒక్కడూ లేడు. అందరం పక్కవాడు కొట్టాడనే కొట్టాం.