ఆప్షన్లలో ఐదు లేదు

టేబుల్లో ఐదు పేర్లుండగా జవాబు నాలుగని ప్రకటించినందువల్ల, మంగళవారం ఉదయం తొమ్మిదిన్నరకి నిజాంపేటలో వకుళ అనే ఆవిడ లెక్కలోంచి పోయింది. ఆ గ్రూపులో ఇలాంటివి అంతకుముందు కూడా ఒకటి రెండు జరిగాయి. కాబట్టి ఎవరూ పెద్దగా కంగారు పడలేదు.

గ్రూపు పేరు డేటాబేస్ మిత్రబృందం. అరవై రెండు వేలమంది సభ్యులు. వాళ్లలో ఉద్యోగం ఉన్నవాళ్లు కొందరు, ఉద్యోగం కోసం అమీర్‌పేట హాస్టళ్లలో ఉంటూ జవాబులు బట్టీపట్టేవాళ్లు తక్కినవాళ్లంతా. రోజూ తొమ్మిదిన్నరకి ఒక ప్రశ్న, నాలుగు ఆప్షన్లు. ప్రశ్న వేసేది వకుళ భర్త ఫణీంద్ర. ప్రశ్నలు తయారుచేసే వాళ్లకి ఒక అలవాటుంది. టేబుల్లోకి పేర్లు కావాల్సొస్తే కొత్తవి ఊహించే ఓపికుండదు, కళ్లెదురుగా ఉన్నవాళ్ల పేర్లు రాసేస్తారు. ఫణీంద్ర ఇంట్లోవాళ్లవి రాశాడు. నాన్న వీరభద్రరావు, అమ్మ కనకరత్నం, తను, తమ్ముడు తారకేశ్, భార్య వకుళ. 'ఈ కుటుంబం టేబుల్లో ఉన్న అందర్నీ చూపించమంటే ఎన్ని వరుసలొస్తాయి?' అన్నది ప్రశ్న. ఆప్షన్లు మూడు, నాలుగు, ఆరు, ఎర్రర్. జవాబుల కీలో నాలుగని పెట్టాడు.

ఐదు అసలు ఆప్షన్లలోనే లేదు. వేళ్లు మడిచినా తెలిసే సంగతే గానీ, కీ ఉన్నప్పుడు వేళ్లు ఎవరు మడుస్తారు?

వకుళ మాయమైపోలేదు. టేబుల్లో ఉంది, జవాబులో లేదు, అంతే. ఎదురుగా నిలబడి మాట్లాడితే వినిపిస్తుంది. ఎవరైనా 'ఇక్కడ ఎవరెవరున్నారు?' అని అడిగితే మాత్రం లెక్కలోకి రాదు. ఆ రోజు ఆఫీసులో వేలిముద్ర పెడితే మిషన్ ఊరుకుంది. ఆవిడ పనిచేసేది ఒక విత్తనాల కంపెనీలో, డేటాబేస్ విభాగంలోనే. ఆ పని ఫణీంద్ర కన్నా ఆవిడకే బాగా వచ్చు, కానీ ఇంట్లో ఆ మాట ఎవరూ అనుకోరు. మీటింగులో ఆవిడ కూర్చున్న కుర్చీని ఖాళీ అనుకుని ఒకాయన బ్యాగు పెట్టబోయాడు. "సార్, నేనున్నానండీ" అంటే "సారీ అమ్మా" అని బ్యాగు తీసి, రెండు నిమిషాలకి మళ్లీ పెట్టాడు.

సాయంత్రం భోజనాల దగ్గర నాలుగే కంచాలున్నాయి.

"అత్తయ్యా, నాకు పెట్టలేదు."

"అయ్యో, అందరికీ పెట్టానే!" అని కనకరత్నం వేలుపెట్టి లెక్కపెట్టింది. "ఒకటీ, రెండూ, మూడూ, నాలుగూ. సరిపోయిందిగా తల్లీ!"

వకుళ ఫోన్ తీసి గ్రూపు చూసింది. ప్రశ్న చూడగానే ఏం జరిగిందో తెలిసిపోయింది. కింద చిన్న అక్షరాల్లో నియమం కూడా ఉంది. ప్రశ్నకి శుక్రవారం సాయంత్రం ఆరింటికి ముద్ర పడుతుంది. ముద్ర పడ్డాక ఎవరూ మార్చలేరు.

"ఏమండీ, పొద్దున్న మీరు వేసిన ప్రశ్నలో ఐదు లేదు. కీ మార్చండి."

"ఆరువందల పన్నెండు ప్రశ్నలు వేశాను వకుళా," అన్నాడు ఫణీంద్ర పెరుగు కలుపుకుంటూ. "ఇంతవరకూ ఒక్క సవరణ లేదు."

"నేను లెక్కలో లేనండీ."

"గ్రూపులో పెట్టు. పద్ధతి ప్రకారం వెళ్దాం. ఇంట్లోవాళ్లని నేనే వెనకేసుకొస్తే బావుండదు."

మనిషి చెడ్డవాడేం కాదు. భార్యకి జ్వరమొస్తే సెలవు పెట్టి కూర్చుంటాడు. కాకపోతే తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు అనే రకం, ఆ కుందేలుకి గ్రూపులో అరవై రెండు వేలమంది అభిమానులు.

బుధవారం పొద్దున్నే వకుళ గ్రూపులో రాసింది. 'ఈ ప్రశ్నలో ఐదో వరుస నేనే. నేను ఉన్నాను. జవాబు ఐదు. దయచేసి సరిచెయ్యండి.' మధ్యాహ్నానికి మూడువందల నలభై కామెంట్లు వచ్చాయి.

'మేడమ్, రన్ చేసి స్క్రీన్‌షాట్ పెట్టండి' అన్నాడొకాయన. న్యాయమైన మాటే. వకుళ రన్ చేసింది. నాలుగు వరుసలే వచ్చాయి, తను లేదు. లేదని చూపించడానికే ఆ స్క్రీన్‌షాట్ పెట్టింది. 'చూశారా, నాలుగే' అని ఆయన సంతోషించాడు. పాత వెర్షన్‌లో ఐదొచ్చేదనీ, కొత్తదాంట్లో వేగం కోసం తగ్గించారనీ ఇంకొకాయన వివరించాడు. ఇది తప్పు ప్రశ్న కాదనీ, ఆలోచింపజేసే ప్రశ్న అనీ ఒక సీనియర్ తేల్చాడు. 'సార్ పైసా తీసుకోకుండా సేవ చేస్తుంటే తప్పులు వెతకడమేంటి?' అన్న కామెంటుకి పంతొమ్మిదివందల లైకులు పడ్డాయి. ఎవరో 'ఐదే కదా, నేనూ లెక్కపెట్టాను' అని రాసి, పది నిమిషాలకి 'సారీ, కీ చూసుకోలేదు' అని దిద్దుకున్నారు.

ఒక కుర్రాడు మాత్రం ప్రాధేయపడ్డాడు. 'అక్కా, రేపు నాకు ఇంటర్వ్యూ. ఐదా, నాలుగా? ఏదో ఒకటి ఖాయం చేసి చెప్పండి, అదే బట్టీపడతా.' వకుళ ఐదని చెప్పింది. గురువారం అతను ఐదని చెప్పి ఇంటికొచ్చాడు. ఇంటర్వ్యూ చేసినవాళ్ల దగ్గరున్నదీ ఫణీంద్ర కీ పీడీఎఫ్‌యే. ఎంకి పెళ్లి సుబ్బి చావుకొచ్చినట్టయిందని గ్రూపంతా వకుళని తిట్టింది. ఆవిడకి కూడా తప్పు చేసినట్టే అనిపించింది పాపం, ఆ కుర్రాడికి క్షమాపణ రాసింది.

గురువారం మధ్యాహ్నం గ్రూపు నిర్వాహకుడు సుదర్శనం గారు అధికారికంగా జవాబిచ్చారు. ఆయన ఏ మాటా తూలకుండా రాస్తారు.

'వకుళ గారి ఫిర్యాదు పరిశీలించాం. నాలుగని పెట్టి పదకొండువేల రెండువందల ఆరుగురు పాయింట్లు పొందారు. ఇచ్చిన పాయింట్లు వెనక్కి తీసుకోవడం మన ఆనవాయితీలో లేదు. కాబట్టి జవాబు మారదు. అయితే ప్రశ్నని జవాబుకి తగ్గట్టు సవరించే హక్కు ప్రశ్న వేసిన వారికి శుక్రవారం ఆరింటి దాకా ఉంటుంది.'

ఫణీంద్ర ఈ మాటని రెండుసార్లు చదివి, ఊపిరి పీల్చుకున్నాడు.

శుక్రవారం ఆఫీసులో వకుళ కుర్చీ ఎవరికో ఇచ్చేశారు. ఆవిడ నాలుగున్నరకే ఇంటికొచ్చి మొగుడి పక్కన నిలబడింది. అతను లాప్‌టాప్ తెరిచి, టేబుల్లో ఐదో వరుసని సెలెక్ట్ చేసి పెట్టుకున్నాడు.

"అంటే నన్ను టేబుల్లోంచే తీసేస్తారా?"

"ఎక్కడికి పోతావే, ఇంట్లోనే ఉంటావుగా! ప్రశ్న సరిపోతుంది. గొడవ సద్దుమణుగుతుంది. నిన్ను తిట్టడం కూడా ఆపేస్తారు."

"ఇప్పుడైతే లెక్కలోకి రాకపోయినా, నేనంటూ ఉన్నాను. అది కూడా తీసేస్తే ఏం మిగులుతుందండీ? నాకు భయంగా ఉంది."

"ఊరికే భయపడకు."

"ఐదు అనే ఆప్షన్ కలపండి. కింద 'పొరపాటు జరిగింది' అని రాయండి. రెండే మాటలు. మీ కాళ్లు పట్టుకోమంటే పట్టుకుంటాను."

ఫణీంద్రకి నిజంగానే జాలేసింది. కామెంటు పెట్టె తెరిచి 'పొర' దాకా టైపు చేశాడు కూడా. ఆ రెండక్షరాల్నీ కాసేపు చూశాడు. ఆరువందల పన్నెండు ప్రశ్నలు, పేరు పక్కన బంగారు చుక్క, రేపు పొద్దున్న నవ్వబోయే అరవై రెండు వేలమంది. 'పొర'ని చెరిపేశాడు. గడియారంలో అయిదూ యాభై రెండు. ఐదో వరుస మీద డిలీట్ నొక్కాడు.

పక్కన వకుళ ఏదో అంటోంది. "ఏంటి?" అని తలతిప్పాడు. అక్కడ గోడకి తగిలించిన సంచీ ఉంది.

ఆరింటికి ముద్ర పడింది. 'ఇప్పుడు పర్‌ఫెక్ట్ ప్రశ్న' అని మొదటి కామెంటు. 'తప్పుని ఇంత హుందాగా సరిచేసిన సార్‌కి జోహార్లు' అని రెండోది. సుదర్శనం గారు దీన్ని ఆదర్శ సవరణగా పైన అతికించారు. 'ఇంతకీ ఫిర్యాదు చేసిన మేడమ్ సంతృప్తి చెందారా?' అని ఎవరో అడిగితే, అలాంటి సభ్యురాలెవరూ లేరని గ్రూపు చూపించింది.

ఇంట్లో ఇబ్బందేమీ రాలేదు. పొద్దున్న ఆరుకి కుక్కర్ కూతేస్తుంది. ఎనిమిదికి మూడు టిఫిన్ బాక్సులు మూతలు పెట్టి బల్ల మీద ఉంటాయి. వీరభద్రరావు గారి బీపీ మాత్ర నీళ్ల గ్లాసు పక్కన ఉంటుంది. ఉతికిన బట్టలు మడతలయి అలమరల్లోకి వెళ్తాయి. ఇవన్నీ ఎలా జరుగుతున్నాయని నలుగురిలో ఒక్కరూ ఆలోచించలేదు. ఆలోచించే అలవాటు ఆ ఇంట్లో ముందునుంచీ లేదు. ఒకసారి కూరలో ఉప్పెక్కువైతే తారకేశ్ విసుక్కున్నాడు, మర్నాడు తగ్గింది.

కొన్నాళ్లకి ఇంటింటి లెక్క రాసుకుంటూ ఒక టీచరమ్మ వచ్చింది. మెడలో గుర్తింపు కార్డు, చేతిలో ట్యాబు, ఎండకి కందిన మొహం. కనకరత్నం ఆవిడని కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది.

"ఇంట్లో ఎంతమందండీ?"

"నలుగురమమ్మా," అన్నారు వీరభద్రరావు గారు.

"వంటా, ఇంటిపనీ ఎవరు చూస్తారు?"

ఆయన భార్యవైపు చూశారు. ఆవిడ కొడుకువైపు చూసింది. ఫణీంద్ర మొహంలో ఏదో గుర్తొచ్చినట్టు కదిలింది గానీ నిలవలేదు.

"అవి అయిపోతుంటాయండీ," అన్నాడు.

టీచరమ్మ తల ఊపి, ఒక గడిలో నొక్కింది. అలాంటి జవాబుకి గడి ముందే ఉంది, కొత్తగా చేర్చాల్సిన పని పడలేదు.

"మీ ఇంట్లో ఎంతమందమ్మా?" అని కనకరత్నం మర్యాదకి అడిగింది.

"ముగ్గురమండీ," అంది టీచరమ్మ లేస్తూ. "మావారూ, ఇద్దరు పిల్లలూ."

చెప్పులేసుకుని పక్కింటి బెల్లు నొక్కింది.