అక్రోటు బీరువాకు కొత్త కన్నాలు

పెరూజా నుంచి పాత సామాన్లు కొనే బ్రకలోని అనే వ్యాపారి పదకొండింటికి వస్తానన్నాడు. ఈలోగా ఒర్తెన్సియా తన తల్లి ఇచ్చిన అక్రోటు చెక్క బీరువాలో నాలుగు సొరుగులూ ఖాళీ చేసి, దుప్పట్లన్నీ మంచం మీద పేర్చాలి. పేరుస్తోంది కానీ దాన్ని అమ్మడం ఆమెకు ఇష్టం లేదు. ఊరంతా రబ్బరు బూట్లు తొడుక్కోవడంతో మొగుడు గ్వాల్తియేరో బూట్లు కుట్టే దుకాణం మూతపడింది. ఇంట్లో అమ్మదగ్గ వస్తువు ఇదొక్కటే. బీరువా ఒళ్లంతా పురుగు తిన్న కన్నాలు కాబట్టి, వచ్చేవాడు చూసి ముక్కు విరుస్తాడని ఆమె ఆశ.

ఆ ఆశ కూడా మిగల్చకుండా గ్వాల్తియేరో పొద్దున్నే లేచి కన్నాలన్నీ బూట్ల మైనంతో పూడ్చి మెరుగు పెట్టేశాడు.

"చూడవే, కొత్త పెళ్లికూతురిలా లేదూ?"

పక్కింటి జాయిరా కిటికీలోంచి తల పెట్టింది. "ఎంత పని చేశావన్నా. పురుగు కన్నాలే దాని వయసుకు సాక్ష్యం. ఇప్పుడు నిన్న చేసిందంటారు."

ఒర్తెన్సియా చప్పుడు కాకుండా దుప్పట్లు తిరిగి సొరుగుల్లో పెట్టసాగింది.

గ్వాల్తియేరో మాత్రం తోలుకు బెజ్జాలు పొడిచే ఆరె తీశాడు. మైనం తవ్వబోతే ఏది కన్నమో ఏది మచ్చో తెలియలేదు. తెలియని చోటల్లా కొత్తది పొడిచాడు. కుడి పక్క ఎక్కువయ్యాయని ఎడమ పక్క, ఎడమ పక్క ఎక్కువయ్యాయని మళ్లీ కుడి పక్క.

"ఇక ఆపండి, జల్లెడ అయిపోతుంది."

"పురుగు నీ మాట విని ఆగిందా?"

దుప్పట్లు మళ్లీ మంచమెక్కాయి.

బ్రకలోని వచ్చి, కాఫీ తాగి, భూతద్దం పట్టుకుని వంగినవాడు చాలాసేపు లేవలేదు. చివరికి వాసన కూడా చూశాడు.

"చెక్క పాతదే. కన్నాలే ఈ పొద్దుటివి. బూట్ల మైనం వాసన కొడుతోంది."

"అయితే కొనరన్నమాట," అంది ఒర్తెన్సియా, నవ్వు దాచుకుంటూ.

"ఎవరు పొడిచారు?"

ఆమె క్షణం ఆలోచించకుండా మొగుణ్ణి చూపించింది. అతని చెవులు ఎర్రబడ్డాయి.

"కన్నాలు లోపలికెళ్లి వంకర తిరిగాయయ్యా," అన్నాడు బ్రకలోని. "అచ్చం పురుగు తిన్నట్టే. నా దగ్గర ఐదుగురు వడ్రంగులున్నారు, ఒక్కడికీ చేతకాదు. తిన్నగా పొడుస్తారు వెధవలు."

"మీకు కన్నాలతో ఏం పనండీ?" అన్నాడు గ్వాల్తియేరో.

"రోము పెద్దమనుషులకు నూరేళ్ల బీరువాలు కావాలి. అవి ఎక్కణ్ణుంచి తెస్తాం? పుట్టించాలి."

"మరి మా బీరువా?"

"వద్దు. నిజంగా పాతదాన్ని ఎవరూ నమ్మరు."

ఒర్తెన్సియా దుప్పట్లు చంకనెత్తుకుంది.

సోమవారం గ్వాల్తియేరో బ్రకలోని దగ్గర పురుగు ఉద్యోగంలో చేరాడు.