కృష్ణారావు సారు తిండి తనిఖీ

"తన కంచాన్ని తానే తనిఖీ చేసుకోలేని మనిషి దేశాన్నేం బాగుచేస్తాడండీ!"

రెండువేల ఐదో, ఆరో. గుండ్లపోచంపల్లిల మా ఇంటెనక కొత్తగ అయిన కాలనీ మీటింగుల కృష్ణారావు సారు గీ మాట అంటే, కుర్చీలల్ల కూసున్నోళ్లంత చప్పట్లు కొట్టిన్రు. దేశాన్ని బాగుచేసే పని ఆ కాలనీల అప్పటిదాంక ఎవ్వరు పెట్టుకోలే. మోరీ బాగుచేసే పనే కాలనీ అయినప్పటి సంది పెండింగుల ఉంది. అయినా కొట్టిన్రు.

సారుది కోస్తా దిక్కు. పట్నంల ఏదో సర్కారు ఆఫీసుల సూపరింటెండెంటు. వాళ్లకు మాకు నడుమ ఒక్కటే గోడ. మా ఆయన బాలరాజు మేడ్చల్ కాడ గోదాముల పనిచేస్తడు. నేను, మా అత్త దుర్గమ్మ ఇంటికాడ ఉంటం. సారు భార్య పార్వతక్క గోడ మీదికెంచే నాకు దోస్తయింది.

అసలు సంగతేందంటే, సారుకు రక్తం పరీక్ష చేసిన డాక్టరు, షుగరు వచ్చేటట్టుంది, తిండి జర సూసుకోమన్నడట. వేరేటోడైతే చాయ్‌ల చక్కెర తగ్గించుకుంటడు. సారు ఆఫీసరాయె, విచారణ పెట్టిండు. తన మీద తనే. వారం రోజులు తను తినేదంత తనే కనిపెట్టి సూసుకొని, ఇన్నేండ్లు తిన్నదంత నిబంధనలకు విరుద్ధమని తేల్చిండు. ఆవకాయ, నెయ్యి, ముద్దపప్పు, మారు అన్నం, అన్నీ సస్పెండ్ అయినయి. తప్పు ఎవరిదంటే, వండిపెట్టిన పార్వతక్కదట.

మర్నాటి సంది ఇంట్ల కొత్త ఉత్తర్వులు అమలుకొచ్చినయి. పొద్దుగాల మొలకలు, రాగిజావ. పగటికి జొన్నరొట్టె, నూనె తగలని కూర. సాయంత్రం బొప్పాయి, దానిమ్మ. రాత్రికి ఉడకబెట్టిన కూరగాయలు. పిల్లలు హేమచంద్, ధరణి ఆ గిన్నెల మూతలు తీసి వాసన సూసి, మాకు మామూలు అన్నమే పెట్టమన్నరు. ఇగ పార్వతక్కకు పూటకు రెండు వంటలైనయి.

జొన్నరొట్టె చేసుడు ఆమె పుట్టింట్ల ఎవ్వరికి రాదు. మా అత్త దగ్గరికి నేర్చుకోనీకొచ్చింది. అత్తకు మస్తు నవ్వొచ్చింది. మేము జొన్నలు ఇడిసి సన్నబియ్యం తినవడితే వాడకట్టోళ్లు మమ్మల్ని పెద్దోళ్లయిన్రు అన్నరట. ఇప్పుడు సారు సన్నబియ్యం ఇడిసి జొన్నలు తినవడితే ఆయన్ను పెద్దమనిషంటున్నరు. పెద్దరికం గింజల ఉండదు బిడ్డా, తినేటోడి కుర్చీల ఉంటది అన్నది. అని, పిండి కలిపి ఇచ్చింది.

పార్వతక్క కష్టపడి నేర్చుకున్నది. గుండ్రంగ వచ్చిన రొట్టె సారుకు. పలిగింది తనకు. దానిమ్మ గింజలు సారుకు, గిన్నె కడుగుడు తనకు. పిల్లలు మిగిల్చిన అన్నం, పులిసిన మొలకలు, పారేయబుద్ధి గానిది ఏదుంటే అది ఆమె పళ్లెంల పడేది. ఏం తిన్నవక్కా అని ఒకపారి అడిగితే, నాదేముంది రోజా, ఏదో ఒకటి అన్నది. అప్పటికే బట్టలారేయ మిద్దెక్కితే నడుమ మెట్టు మీద కూసుండి ఊపిరి తీసుకుంటాంది. ఎండకనుకున్న.

సారు మాత్రం బక్కగయిండు. ప్యాంటు జారుతాందని బెల్టుకు కొత్త తూటు పెట్టించిండు. ఆ తూటును కాలనీ మొగోళ్లంత వచ్చి సూసిపోయిన్రు. సూసినంక పోషకాహార సంఘం పెట్టిన్రు. సారు అధ్యక్షుడు, పక్కవీధి జోగారావు కార్యదర్శి. ఇగ ప్రతి ఆదివారం సారు ఉపన్యాసం. ఆరోగ్యం దవాఖానల లేదు, వంటింట్ల ఉన్నది అనేటోడు. వంటింట్ల అగ్గిపెట్టె ఎక్కడున్నదో ఆయనకు తెల్వదు, అది వేరే సంగతి. చిన్నగ ఇంటింటికి మొగోళ్లు తమ తమ కంచాలు తనిఖీ చేసుకున్నరు. ఇంటింటికి రెండు వంటలైనయి. కూరగాయల బండి కాడ ఆడోళ్లు ఒకరి మొఖం ఒకరు సూసుకొని సొరకాయ తీసుకపోయేటోళ్లు.

కార్తీకంల శామీర్‌పేట చెరువు దిక్కు వనభోజనాలు పెట్టుకున్నరు. రొట్టెలు చేయనీకె మా అత్తను, తోడుగ నన్ను గూడ పిలిచిన్రు. ఆడోళ్లు పులిహోర, గారెలు, పప్పు, పెరుగన్నం చేసిన్రు. సంఘం దిక్కెంచి ఉప్పు లేని ఉడికిన సొరకాయ ఒక పెద్ద గంజెడు. సారుకు శాలువ కప్పుడు ఉన్నది. దానికి ముందుగాల అందరికి రక్తం పరీక్ష చేయాలని సారే పట్టుబట్టి, మేడ్చల్ నుంచి సుస్మిత అనే డాక్టరమ్మను పిలిపించిండు. తన రక్తం సంగతి నలుగుట్ల చదివిపించుకోవాలని ఆయన ఉబలాటం.

చదివిన్రు. సారు రక్తం మంచిగున్నది. శాలువ కప్పిన్రు.

అప్పుడే విస్తర్లు ఏస్తున్న పార్వతక్క చెట్టు పట్టుకొని నిలవడి, అట్లనే కిందికి జారింది. నేనురికి పట్టుకున్న. చేయి సల్లగున్నది. డాక్టరమ్మ కంటిరెప్ప తీసి సూసింది, వేలు గుచ్చి సూసింది. మొత్తం కాలనీల ఈమెకే అందరికన్న రక్తం తక్కువున్నదని చెప్పింది. రోజూ ఏం తింటవమ్మా అని అడిగింది.

"మా ఇంట్లో అంతా పోషకాహారమేనండి" అన్నడు సారు, శాలువ సర్దుకుంట.

"నేను ఆమెను అడిగాను సార్" అన్నది డాక్టరమ్మ.

పార్వతక్క పరీక్షల జవాబు రాని పిల్ల తీర్గ మొఖం పెట్టింది. "ఆయన తిన్నాక, పిల్లలు తిన్నాక... ఏం తిన్నానో గుర్తు లేదండి. ఎవరూ అడగలేదు కదా, గుర్తుపెట్టుకోలేదు."

సారుకు గూడ పానం కలుక్కుమన్నట్టే అనిపించింది నాకు. ఆయన చెడ్డోడు గాదు. భార్య దగ్గర కూసుండి, తల మీద చెయ్యేసి, ప్రేమగనే అన్నడు.

"ఎవరి తిండి వాళ్లు తనిఖీ చేసుకోవాలని ఎన్నిసార్లు చెప్పాను? సరే, ఇక మీ అందరి ముందూ చెప్తున్నాను. పార్వతీ, రేపట్నుంచి నీకు కూడా విడిగా వండుకో."

పార్వతక్క ఆయన దిక్కు సూసింది. అంత సేపు ఆమె ఎవరి దిక్కన్న సూసుడు నేనెప్పుడు సూడలే. నా భుజం పట్టుకొని లేచింది. పులిహోర గరిటె తీసి సారు చేతిల పెట్టింది. పోయి మొదటి విస్తరి ముందు కూసున్నది.

"ముందు నాకు వడ్డించండి."

జోగారావు భార్య ఒక్క నిమిషం ఆగి, ఆమె పక్కపొంటి కూసున్నది. ఆమె పక్కన ఇంకొకామె. సూస్తుండంగనే పంక్తి నిండింది. మా అత్తయితే పిలువకముందే కూసున్నది. మొగోళ్లు బకెట్లు పట్టుకొని పరేషాన్ అయిన్రు. ఏ కూరల ఏ విటమిన్ ఉంటదో సారుకు కంఠతా వచ్చు, విస్తరిల ఏది ముందు వడ్డించాల్నో రాదు. పెరుగన్నం మీద పులిహోర ఏసిండు. వంగినప్పుడల్ల శాలువ పోయి పప్పు బకెట్ల పడుతాంది. పార్వతక్క మారు అడిగింది. మళ్ల మారు అడిగింది. గారె తుంపుతుంటే ఆమె కండ్లల్ల నీళ్లు తిరిగినయి. ఏందక్కా అంటే, మిరియం తగిలిందన్నది.

ఆడోళ్లు చేతులు కడుక్కునే యాళ్లకు పులిహోర గంజుల పోపు గింజలు తప్ప ఏం లేవు. సొరకాయ గంజు మాత్రం నిండుగ ఉన్నది. సంఘం సభ్యులంత వరుసగ కూసున్నరు. సారు పోషకాహారం తిన్నడు, అందరు తిన్నరు. ఎవ్వరు ఉపన్యాసం ఇయ్యలే.

ఆ సంది పార్వతక్క రక్తం పట్టే గోలీలు మింగుతాంది. ఆ ఇంట్ల పూటకు ఒక్కటే వంట. జొన్నరొట్టె అయితే అందరికి జొన్నరొట్టె, అన్నమైతే అందరికి అన్నం. నలుగురు ఒక్కపారే కూసుంటరు. పలిగిన రొట్టె ఎవరికొస్తే వాళ్లు తింటరు.

ఆ తర్వాతి మీటింగుల సారు పోషకాహార సంఘం అధ్యక్ష పదవికి రాజీనామా ఇచ్చిండు. కారణం అనారోగ్యం అన్నడు. ఎవరిదో చెప్పలే.