డాక్టరమ్మ తలకెక్కిన హెల్మెట్

ఆ రోజు పొద్దున పళ్ల డాక్టరమ్మ పెట్టుకున్న పనుల్లో చిక్కేమీ లేదు. మధ్యాహ్నం దాకా క్లినిక్‌లో రోగులను చూడాలి, సాయంత్రం పార్కు కమిటీ సమావేశంలో మాట్లాడాలి. స్కేట్‌పార్కులో చక్రాల బోర్డు ఎక్కే ప్రతి ఒక్కరూ హెల్మెట్టూ, మోకాళ్లకూ మోచేతులకూ ప్యాడ్లూ తప్పనిసరిగా వేసుకోవాలన్నది ఆమె పట్టు. కమిటీ సగం సగంగా చీలిపోయి ఉంది. అధ్యక్షుడైన రిటైర్డ్ హెడ్మాస్టరుగారు ఎటు మొగ్గితే నిర్ణయం అటు.

ఇంట్లో చీలిక ఇంకా లోతైనది. డాక్టరమ్మ కూతురు కాలేజీలో ఉండే సమయం కన్నా స్కేట్‌పార్కులో ఉండే సమయమే ఎక్కువ. హెల్మెట్ లేనిదే బోర్డు మీద కాలు పెట్టదు. కానీ తల్లి అడుగుతున్న నియమం పేరెత్తితే మాత్రం మండిపడుతుంది. ముందు రోజు భోజనాల దగ్గర కూడా అదే గొడవ.

"నువ్వెలాగూ పెట్టుకుంటావు కదే, ఇంక నీకొచ్చిన బాధేంటి?"

"నేను పెట్టుకుంటానమ్మా. నువ్వు పెట్టించకు. ఆ రెండూ ఒకటి కాదు."

"నా కుర్చీలో కూర్చునే పిల్లల్ని ఒక్కసారి వచ్చి చూడు. ముందు పళ్లు విరగ్గొట్టుకుని, మూతి వాచిపోయి..."

"పడ్డవాళ్లు నీ దగ్గరికొస్తారు. పడనివాళ్లు రారు. నువ్వు పడ్డవాళ్లనే చూసి, లోకమంతా పడిపోతోందనుకుంటున్నావు. రేపు గేటు దగ్గర ఆపేస్తే, హెల్మెట్ కొనుక్కోలేనివాళ్లు రోడ్డు మీదికి పోతారు. అక్కడ లారీలుంటాయి."

డాక్టరమ్మ కంచం తీసుకుని లేచిపోయింది. లారీల మాట నిజమే కాబట్టి ఇంకా కోపం వచ్చింది.

తెల్లవారి, కూతురు ఇంకా నిద్రలో ఉండగా, తలుపు వెనక వేలాడుతున్న సంచీని చడీచప్పుడు లేకుండా తీసుకుంది. అందులో హెల్మెట్టూ ప్యాడ్లూ ఉన్నాయి. సమావేశంలో అందరి ముందూ తొడుక్కుని, ఇదేమంత కష్టం కాదని చూపించాలని ఆమె ఆలోచన. లేపి అడుగుదామనుకుంది గానీ, లేపితే రాత్రి వాదన మళ్లీ మొదటికొస్తుందని ఊరుకుంది.

క్లినిక్‌లో మొదటి రోగి సాక్షాత్తూ హెడ్మాస్టరుగారే. కదులుతున్న పన్ను పీకించుకోవడానికి వచ్చారు. వందలమంది పిల్లలను చూపుతోనే వణికించిన మనిషి, కుర్చీలో కూర్చున్నాక కళ్లజోడు తీసి పక్కన పెట్టి, కళ్లు గట్టిగా మూసుకున్నారు. డాక్టరమ్మ ఇంజెక్షన్ ఇచ్చి, బుగ్గలో దూది కూరి, "మొద్దుబారనివ్వండి, ఇప్పుడే వస్తాను" అని లోపలి గదిలోకి వెళ్లింది.

ఆ కాస్త వ్యవధిలోనే ఒకసారి వేసుకుని చూద్దామనిపించింది. మోచేతి ప్యాడ్లు సులువుగానే ఎక్కాయి. హెల్మెట్ పెట్టుకుని గడ్డం కింద బకిల్ నొక్కింది. టక్కుమంది. తీద్దామని లాగింది. రాలేదు. పైకి లాగింది, పక్కకి లాగింది, అద్దం ముందు నిలబడి బతిమాలింది. బకిల్ మాత్రం పట్టు వదల్లేదు. ఇంకాస్త ఆలస్యమైతే పెద్దాయన మత్తు దిగిపోతుంది. పన్ను పీకడానికి తల బోడిగా ఉండాలని ఏ పుస్తకంలోనూ లేదు గదా అనుకుని, మాస్కు కట్టుకుని, పటకారు పట్టుకుని బయటికి వచ్చింది.

హెడ్మాస్టరుగారు కళ్లు తెరిచారు. కళ్లజోడు లేని చూపుకి హెల్మెట్టూ మాస్కూ ప్యాడ్లూ అన్నీ కలిసి ఒకే ఆకారంగా కనిపించాయి.

"అమ్మా," అన్నారు మొద్దుబారిన నోటితో, "నా పన్ను అంత గట్టిదా?"

"భయపడకండి మాస్టారూ. ఇది మీ కోసం కాదు, నా తల కోసం."

ధైర్యం చెబుదామనే ఆమె అన్నది. ఆయన మాత్రం కుర్చీలోంచి లేచి, మెడలో కట్టిన గుడ్డతో సహా వీధిలో పడ్డారు. కళ్లజోడు లేకుండా ఆయన రోడ్డెలా దాటుతారోనని డాక్టరమ్మ కంగారుపడింది. ఒక చేతిలో కళ్లజోడు, రెండో చేతిలో మరిచిపోయిన పటకారుతో ఆయన వెంట పరుగెత్తింది.

"మాస్టారూ, ఆగండి! ఎవరైనా ఆయన్ని పట్టుకోండి! పళ్లు... ఆయన పళ్లు..."

మూలన బండి పెట్టుకున్న పళ్ల వ్యాపారి చెవిన పడింది ఆ చివరి మాటొక్కటే. తల తిప్పి చూస్తే, ఒక పెద్దమనిషి బుగ్గ ఉబ్బించుకుని పారిపోతున్నాడు.

"ఓరి దేవుడా, ఒకటి నోట్లో కూడా కుక్కుకున్నాడు!" అని అతనూ వెంటపడ్డాడు.

వెనక అడుగుల చప్పుడు ఒకటికి రెండు కాగానే హెడ్మాస్టరుగారు వేగం పెంచారు. తెరిచి ఉన్న గేటేదో మసగ్గా కనిపిస్తే అందులోకి దూరారు. అది స్కేట్‌పార్కు. ఎదురుగా ఉన్నది చదును నేల అనుకుని అడుగేశారు. అది నున్నటి కాంక్రీటు వాలు. కూర్చున్న భంగిమలోనే కిందిదాకా జారి, అడుగున ఆగారు.

సరిగ్గా అప్పుడే అవతలి వాలు మీదినుంచి బోర్డు మీద ఒక అమ్మాయి దూసుకొస్తోంది. తల మీద హెల్మెట్ లేదు. దారిలో మనిషిని చూసి ఒళ్లంతా మెలితిప్పి పక్కకి మళ్లింది. బోర్డు ఒకవైపు, ఆమె ఒకవైపు.

గట్టు మీద నిలబడ్డ డాక్టరమ్మకు ఆ క్షణంలో కమిటీ గుర్తు రాలేదు, తన ఉపన్యాసం గుర్తు రాలేదు. గాలిలో ఉన్న ఆ తల తన కూతురిదని మాత్రం తెలిసింది. అమ్మాయి భుజం మీద పడి, దొర్లి, కాంక్రీటు అంచుకి జానెడు దూరంలో ఆగింది. మోచేతులు గీరుకుపోయాయి. లేచి నిలబడింది.

డాక్టరమ్మ వాలు దిగి, పడుతూ లేస్తూ కూతురి దగ్గరికి చేరింది.

"హెల్మెట్ ఏదే నీది?" అని కేక పెట్టింది.

కూతురు తల్లి తలకేసి చూసింది.

డాక్టరమ్మ చెయ్యి దానంతటదే హెల్మెట్ మీదికి పోయింది. "ఇది రావట్లేదు" అంది చిన్న గొంతుతో.

"రెండు పక్కలా కలిపి నొక్కాలమ్మా." కూతురు దగ్గరికొచ్చి తల్లి గడ్డం కింద వేళ్లు పెట్టింది. పడటం ఎలాగో తనకు తెలుసని రోజూ చెప్పే పిల్ల, బకిల్ ఊడిరాగానే హెల్మెట్‌ని తన తలకే పెట్టుకుని బిగించుకుంది.

ఈలోగా పళ్ల వ్యాపారి హెడ్మాస్టరుగారిని లేవనెత్తి, "తీయవయ్యా బయటికి" అన్నాడు. ఆయన బుద్ధిగా నోరు తెరిచారు. దూది వచ్చింది. దాని వెంటే పన్ను కూడా వచ్చింది. జారినప్పుడు గడ్డం మోకాలికి కొట్టుకుని ఊడిపోయిందని, మొద్దుబారిన నోటికి తెలియనే లేదు. వ్యాపారి రెండడుగులు వెనక్కి వేసి, క్షమించమని వెళ్లిపోయాడు.

సాయంత్రం సమావేశానికి అందరూ వచ్చారు. డాక్టరమ్మ లేచి నిలబడింది.

"నియమం వద్దండీ," అంది. నియమం కావాలన్న సగంమంది ఉలిక్కిపడ్డారు. "ఇవాళ ఒక పిల్ల హెల్మెట్ లేకుండా బోర్డెక్కింది. తప్పు ఆ పిల్లది కాదు, చెప్పకుండా పట్టుకుపోయిన నాది. గేటు దగ్గర ఆపేసి ఉంటే రోడ్డు మీదికి పోయేది. లేని పిల్లల్ని వెళ్లగొట్టకండి. గేటు దగ్గర కొన్ని హెల్మెట్లు పెట్టండి, తీసుకుంటారు."

వెనక వరసలోంచి కూతురు లేచింది. మోచేతులకు కట్లున్నాయి.

"నియమం కావాలండీ," అంది. ఈసారి ఉలిక్కిపడటం మిగతా సగం వంతు. "ఎప్పుడూ పెట్టుకునేదాన్నే. ఇవాళ సంచీ కనిపించకపోతే, ఒక్కరోజుకి ఏమవుతుందిలే అనుకున్నా. అలా అనుకోవడానికి నాకు ఒక్క నిమిషం కూడా పట్టలేదు. అదే నాకు భయమేసింది. గేటు దగ్గర ఎవరో ఒకరు ఆపి ఉంటే, తిట్టుకుంటూనే వెనక్కి వెళ్లేదాన్ని."

అందరూ అధ్యక్షుడి వైపు తిరిగారు. హెడ్మాస్టరుగారు వాచిన బుగ్గ మీద చెయ్యి పెట్టుకుని ఒకసారి తల్లినీ, ఒకసారి కూతురినీ చూశారు.

"హెల్మెట్లు రేపే తెప్పిద్దాం," అన్నారు చివరికి. "నియమం సంగతి నా వాపు తగ్గాక. ఇవాళ ఇద్దరి మాటా సబబుగానే ఉంది, అది ఇంజెక్షన్ ప్రభావమేమో చూసుకోవాలి."

తల్లీకూతుళ్లు ఇంటికి వెళ్లే దారిలో మళ్లీ వాదించుకున్నారు. కాకపోతే ఎవరు ఏ పక్షమో మధ్యమధ్యలో ఒకరినొకరు అడిగి తెలుసుకోవాల్సి వచ్చింది.