పది గంటల గుండు

మార్కుల నకలు తీయించాలి. ఫారానికి ఫొటో అంటించాలి. హాజరు నూటికి డెబ్బై అయిదు ఉందని గుమాస్తా చేత రాయించాలి. ప్రిన్సిపాలు సంతకం పట్టాలి. అవన్నీ సాయంత్రం తిరువళ్లూరు మైదానంలో చూపిస్తేనే ధనకోటిని కబడ్డీ ఆడనిస్తారు. ఆడితేనే ఆటగాళ్లను ఏరుకోడానికొచ్చే రైల్వేవాళ్ల కంట్లో పడతాడు. పడితేనే వాళ్ల వంశంలో మొదటి ఉద్యోగం.

జాబితాలో లేని పని తల్లి రంగనాయకమ్మ చేర్చింది. కొడుకు లెక్కల పరీక్ష గట్టెక్కితే తిరుత్తణి కొండమీద గుండు కొట్టిస్తానని మొక్కుకుంది. ముప్పై అయిదు మార్కులతో గట్టెక్కాడు.

"ఆట అయినాక జుట్టు ఇస్తాలేమ్మా. పది గంటల క్లాసుకు పోకుంటే డెబ్బై అయిదు రాదు."

"మార్కులేసినోడు కొండమీద కాచుకోనుండాడు. ముందు ఆయన పని చూడు!"

తోటి విద్యార్థి ఆరోగ్యస్వామి కాలేజీ రైలెక్కుతూ భరోసా ఇచ్చాడు. "నువ్వు కొండెక్కు మచ్చా. క్లాసులో నీ పేరు పిలిస్తే నేను పలుకుతా."

పలికాడు. అయ్యవారు నమ్మారు. ఆనాటి పది గంటల క్లాసుతో కలిపి సరిగ్గా డెబ్బై అయిదని గుమాస్తా రాసిచ్చాడు.

సాయంత్రం ఫారాలు చూసే రాజామణి సారు ఫొటోలోని ఉంగరాల జుట్టునూ, ఎదుట చందనం పూసిన గుండునూ మార్చి మార్చి చూశాడు.

"ఎవురయ్యా నువ్వు?"

"ధనకోటి సార్."

"ధనకోటి ఇదో, ఫొటోలో ఉండాడు. నువ్వెవురు? చదివేదొకడు, ఆడేదొకడా?"

జట్టు నాయకుడు సుందరరాజులు ధనకోటి నెత్తికి నల్ల తువ్వాలు చుట్టి, "ఇప్పుడు చూడండి సార్" అన్నాడు. దాంతో అనుమానం ముదిరి, రాజామణి ఏడుగురి ఫారాలూ పక్కన పెట్టేశాడు.

ఆట చూడ్డానికొచ్చిన రంగనాయకమ్మ కొంగుముడి విప్పింది.

"నా బిడ్డ కాదంటావా? ఇదో గుండు చీటీ! పేరూ వేళా రాయమని నేనే పట్టుబట్టినా. లేకుంటే ఎవురి జుట్టో సామికెట్ల తెలస్తాది?"

రాజామణి చదివాడు: ధనకోటి, ఉదయం పది గంటలు. ముఖం తేటపడింది. "మన్నించమ్మా, వీడు ధనకోటే."

జట్టంతా ఈలలు వేసింది. ఆయన మాత్రం హాజరు కాగితం మళ్లీ తీశాడు.

"పది గంటలకు నువ్వు కొండమీద ఉంటివి గదా. క్లాసులో ఎవురుండేది? ధనకోటీ!"

"ప్రెజెంట్ సార్!" అంది వెనక ఆట చూడ్డానికొచ్చినవాళ్లలోంచి ఒక గొంతు. ఆరోగ్యస్వామికి ఒక్క పూటలోనే అలవాటైపోయింది.

జట్టు మొత్తాన్నీ ఇంటికి పంపారు. రైల్వేవాళ్లు అవతలి జట్టులో ఇద్దరిని ఎంచుకున్నారు. తిరుగు రైలులో ధనకోటి గుండు తడుముకుంటూ కూర్చున్నాడు. జుట్టు మళ్లీ వస్తుంది, రైల్వేవాళ్లు రారు.

"పోనీలే నాయినా, మొక్కు చెల్లింది" అంది తల్లి.

చదివినవారు ధనకోటిని మరిచినా, ఆరోగ్యస్వామిని మాత్రం గుర్తుపెట్టుకోండి. ఆ రోజు పిలిస్తే పలికినవాడు అతనొక్కడే.