గుప్తదాతగారి బొంత

"గుప్తదానాన్ని మించిన దానం లేదు! కుడిచెయ్యి ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదు!" అని మా వీధి సేవాసంఘం అధ్యక్షులు, అంటే మా బావగారు, రెండు చేతులూ పైకెత్తి ప్రకటించారు. అందరం చప్పట్లు కొట్టాం. నేను మరీ గట్టిగా కొట్టాను. అధ్యక్షులవారి భార్య నా సొంత అక్క. నేను కార్యదర్శినవడానికి ఇంతకు మించిన అర్హత ఎవరూ అడగలేదు.

దానమంటే బొంతలు. ఆసుపత్రి వార్డులో కిటికీ అద్దాలు పగిలి రోగులు వణికిపోతున్నారని విని, అక్క పాత దుప్పట్లూ చొక్కాలూ ముక్కలుగా చేర్చి, మధ్యలో దూది పరిచి, చేత్తో కుట్టింది. బావగారు వాటిని తిరగేసి చూసి ముఖం మాడ్చుకున్నారు.

"ఇది గుప్తదానమని జనానికి ఎలా తెలుస్తుంది?"

"తెలియకపోతేనే కదండీ గుప్తం!" అంది అక్క.

"పిచ్చిదానా! ఎవరికీ తెలియని గుప్తదానం ఎవడిక్కావాలి? రాయించాలి!"

తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. ప్రతి బొంత మీదా గుడ్డ అక్షరాలతో 'ఇది గుప్తదానం' అని కుట్టాలి. దాని కింద దాత పేరు, డిగ్రీలు, చేసిన ఉద్యోగాలు, త్రుటిలో తప్పిపోయిన పదవులు.

గుడ్డ అక్షరమంటే కలంతో గీకి పారేసేది కాదు. కత్తిరించాలి, అంచు మడవాలి, పోగు లేవకుండా చుట్టూ సన్నకుట్టు వేయాలి. బావగారి డిగ్రీల దగ్గరికొచ్చేసరికి అక్క వేళ్ళు వాచాయి. పదవుల దగ్గర గుడ్డ అయిపోయింది.

"బొంతకి అడుగున గుడ్డ ఉందిగా! అందులోంచే కత్తిరించు" అన్నారు బావగారు.

"దూది రాలిపోతుందండీ!"

"దూదిని ఎవరు చదువుతారే?"

ఆ మాటకు జవాబా? నా దగ్గర ఉంది కానీ, పదవి కూడా ఉంది.

పంపిణీ నాడు కిటికీ పక్క మంచం మీది తాత బొంత కప్పుకుని ముడుచుకుపోయాడు. "బాబూ, ఇందులోంచి గాలి కొడుతోంది."

"చదువుకో తాతా! చదువుతూంటే చలి తెలియదు" అన్నారు బావగారు.

అక్క గబగబా ఇంటికి వెళ్ళింది. ఇంట్లో తను కప్పుకునే బొంత, ఒక్క అక్షరం కూడా లేనిది, తీసుకెళ్ళి నిద్రపోతున్న తాతకి కప్పి వచ్చింది. అది తెలిసి బావగారు మండిపడ్డారు. "పేరు లేని బొంతా! సంఘం పరువేం కాను!"

వారం తిరక్కుండా ఆయనకు చలిజ్వరం తగులుకుంది. అదే వార్డు, తాత పక్క మంచం! నర్సమ్మ ఎంతో గౌరవంగా ఆయన పేరున్న బొంతే కప్పింది. పేరు, డిగ్రీలు, పదవులు అన్నీ ఒంటిమీదే ఉన్నాయి, పళ్ళు మాత్రం టకటకలాడుతున్నాయి. ఇంకొకటి కప్పమన్నారు. అందులోనూ ఆయనే ఉన్నారు, దూది లేదు.

చూడలేక తాత లేచి తన బొంత తెచ్చి కప్పాడు. "ఎవరిచ్చారో తెలీదు బాబూ. ఇచ్చినవాళ్ళు చల్లగా ఉండాలి, ఎంత వెచ్చగా ఉందో!"

అక్క తన శాలువా తీసి తాత భుజాల మీద వేసింది.

ఒళ్ళు వెచ్చబడగానే బావగారికి నోరు పెగిలింది. "సెక్రటరీ! దీని మీద పేరు ఉందా?"

"లేదండీ."

"నేను చేసేది గుప్తదానం. దీని మీద పేరు లేదు. కాబట్టి ఇది నాదే! ఆ సంగతి దీని మీద పెద్ద అక్షరాలతో కుట్టించు, ఇప్పుడే!"

నేను తీర్మానం రాయడానికి కలం తీశాను. అక్క సంచిలోంచి కత్తెర తీసింది.

"అలాగేనండీ. గుడ్డ అయిపోయింది. మీరు చెప్పినట్టే ఇందులోంచే కత్తిరిస్తాను" అంటూ ఆయన మీది బొంత అంచు పట్టుకుంది.

బావగారు బొంతని గుండెలకు హత్తుకుని వార్డు దద్దరిల్లేలా అరిచారు. "వద్దే! గుప్తదానాన్ని మించిన దానం లేదు!"

ఈసారి చేతులు మాత్రం పైకెత్తలేదు.